23 ప్లాన్లు గీశాం, ముగ్గు మాత్రం పోయలేదు

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 39, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. భర్తకు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అమ్మాయి ఏడో తరగతి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని 71 ఏళ్ల అత్తగారు వీళ్లతోనే ఉంటారు. తొమ్మిదేళ్ల కిందట పోరంకి వైపు 200 గజాల స్థలం కొన్నారు. తూర్పు రోడ్డు, 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు. కింద తాము ఉండాలని, పైన అద్దెకివ్వాలని ఆలోచన.

ఆ ఇంటి ప్లాను పద్నాలుగు నెలలుగా తేలడం లేదు. మొదటి మూడు ప్లాన్లు ఒక ఇంజనీరు గీసిచ్చారు. తర్వాతివన్నీ ఆయన గీసినదాన్నే మారుస్తూ ఈమె గీసినవి. మొత్తం 23. మెట్లు, వంటిల్లు, అత్తగారి గది, కారు, బాత్‌రూములు ఇలా పది అంశాలు పెట్టి ఎక్సెల్‌లో ప్రతి ప్లానుకూ నూటికి మార్కులు వేశారు. మొదటి మూడు స్థానాల్లో ఉన్నవాటికి 72, 71, 71 వచ్చాయి. ‘ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది. రాత్రి రెండింటికి లేచి టేపు పట్టుకుని ఈ అద్దె ఇంటి గదులు కొలుస్తున్నాను’ అని రాశారు. భర్తను అడిగితే ‘నువ్వు ఏదంటే అదే’ అంటారు. తీరా ఒకటి ఖాయం చేస్తే ‘మెట్లు అక్కడేమిటి?’ అంటారు. నాలుగు లక్షలు సాయం చేస్తానన్న మరిది హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో సలహాలిస్తుంటారు. బ్యాంకు మంజూరు చేసిన లోను గడువు మూడు నెలల్లో అయిపోతుంది. నెలకు 16,000 అద్దె కడుతూనే ఉన్నారు.

ఉత్తరం చివరి పేజీలో ఒక మాట ఉంది. తెనాలిలో వాళ్ల నాన్నగారు కట్టిన ఇంట్లో వంటిల్లు చీకటి. ముప్పై ఏళ్లు వాళ్లమ్మ పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని వండారు. ‘జీవితంలో ఒక్కసారి కట్టే ఇల్లు. నేనూ అదే తప్పు చేస్తానేమోనని టెన్షన్. అన్నిటికంటే మంచి ప్లాను ఏదో కనుక్కునే పద్ధతి ఏదైనా ఉందా?’ అని అడిగారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను చాలా ఏళ్లు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్న వీలుల్లోంచి మంచిదాన్ని లెక్కగట్టి ఎంచుకునే శాస్త్రం, చెప్పాను. మీరు అడిగింది అచ్చంగా ఆ పాఠమే. కాబట్టి మీ ఇంటి సంగతినే లెక్కగా పెట్టి మాట్లాడతాను.

‘అన్నిటికంటే మంచి ప్లాను’ అన్నారు కదా, దాని సంగతి ముందు చూద్దాం. మీ పట్టికలో పది అంశాలున్నాయి. ఒక్కోదానికి మూడే వీలు ఉన్నాయనుకున్నా మొత్తం 59,049 ప్లాన్లు అవుతాయి. రోజుకొకటి చొప్పున చూసినా 161 ఏళ్లు దాటుతుంది. మీరు చూసినవి 23. అంటే అన్నీ చూసి తేల్చుకోవడం మీ వల్లనే కాదు, ఎవరి వల్లా కాదు. మీకు చేతకాక ఆగిపోలేదు. ఈ రకం సమస్యల తీరే అంత. ఇలాంటిచోట అన్నీ వెతక్కుండా, మంచిది దొరికే అవకాశం ఎక్కువ ఉన్న వైపే వెతకడానికి కొన్ని ఒడుపులున్నాయి. వాటినే హ్యూరిస్టిక్స్ అంటారు. కనుక్కోవడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఆర్కిమెడిస్ అరిచాడని చెప్పుకునే ‘యురేకా’ కూడా ఆ మాట చుట్టమే. ఇవి అన్నిటికంటే మంచిది దొరుకుతుందని హామీ ఇవ్వవు. మీ చేతిలో ఉన్న సమయంలో మంచిది దొరికేలా చేస్తాయి.

ఇప్పుడు మీరు 23 దగ్గర ఎందుకు ఆగిపోయారో చూద్దాం. ఉత్తరంతో పంపిన ప్లాన్లు వరసగా పరిచి చూశాను. తొమ్మిదోది తప్ప మిగతా 22 ప్లాన్లలోనూ మెట్లు ఆగ్నేయం మూలనే, ఇంటి ముందే ఉన్నాయి. మొదటి ఇంజనీరు అక్కడ గీశారు కాబట్టి అవి అక్కడే ఉండిపోయాయి. మెట్లు ముందు మూల ఆక్రమించడంతో వంటిల్లు దక్షిణం గోడ వెంట వెనక్కి జరిగింది. దాని కిటికీ పక్కింటి గోడకూ మీ గోడకూ మధ్య ఉండే సన్నటి సందులోకి తెరుచుకుంటోంది. తెనాలి వంటిల్లు 22 ప్లాన్లలోనూ మళ్లీ వచ్చిందమ్మా. మీకు తెలియకుండానే.

పొగమంచు దట్టంగా పట్టిన తెల్లవారుజామున ఒక మనిషిని విజయవాడలో ఎక్కడో నిలబెట్టి, ఎత్తైన కొండ ఎక్కమన్నారనుకోండి. ఏమీ కనపడదు. కాలికింద ఎటు ఎత్తుగా ఉంటే అటు అడుగు వేస్తూ పోతాడు. మొగల్రాజపురం కొండ మీదికి చేరాక ఎటు అడుగు వేసినా పల్లమే. ఇదే అన్నిటికంటే ఎత్తు అనుకుని అక్కడే కూర్చుంటాడు. ఇంద్రకీలాద్రి పక్కనే ఉందని తెలియదు. ఒక్కో అంశం మార్చి, మార్కులు పెరిగితే ఉంచి, తగ్గితే తీసేసే మీ పద్ధతి ఇదే. దీన్ని కొండెక్కే పద్ధతి అనే అంటారు. చెడ్డ పద్ధతి కాదు, తొందరగా ఒక మంచి చోటికి చేరుస్తుంది. కానీ చేరింది చిన్న కొండో పెద్ద కొండో అది చెప్పలేదు.

మీ తొమ్మిదో ప్లాను చూడండి. అందులో మెట్లను వాయవ్యం మూలకు మార్చారు. అబ్బాయి గది ఎనిమిది అడుగులకు తగ్గింది, మార్కులు 71 నుంచి 63కు పడిపోయాయి. వెంటనే తీసేశారు. నాకు అక్కడే మనసు చివుక్కుమంది. అది కొండ దిగే అడుగే, నిజమే. కానీ ఇంకో రెండు అడుగులు వేసి ఉంటే? మెట్లు పోయాక ఆగ్నేయం మూల ఖాళీ అయింది కదా, వంటిల్లు ముందుకు వచ్చి తూర్పు కిటికీ పెట్టుకోవచ్చు. పొద్దున్నే ఎండ గట్టు మీద పడుతుంది. పాత వంటింటి చోటు ఖాళీ అవుతుంది కాబట్టి, అబ్బాయి గది పక్కనున్న బాత్‌రూము అక్కడికి జరగవచ్చు. గదికి తగ్గిన వెడల్పు తిరిగి వస్తుంది. అత్తగారి గదికీ బాత్‌రూము దగ్గరవుతుంది. మొదటి మార్పు ఒక్కటే చూస్తే నష్టం. మూడూ కలిపి చూస్తే వేరే ఇల్లు. ఈశాన్యం తప్ప మెట్లు ఎక్కడైనా ఫర్వాలేదని వాస్తు చూసిన పెద్దాయన అన్నట్టు మీరే రాశారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలన్న అత్తగారి పట్టుదల, వెలుతురు కావాలన్న మీ కోరిక ఇక్కడ ఒకే దారిలో నడుస్తున్నాయి. నేను మీ స్థలం చూడలేదు. కొలతలు కుదురుతాయో లేదో ఇంజనీరు చెప్పాలి. మీ ఇల్లు నేను గీసిపెట్టడం లేదు. 63 దగ్గర వదిలేసిన దారి చివరిదాకా నడవలేదని మాత్రం చెబుతున్నాను.

దిగడానికి ఒప్పుకునే ఈ పద్ధతి మీద పెద్ద పరిశోధనే జరిగింది. 1983లో ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో కిర్క్‌ప్యాట్రిక్, గెలాట్, వెక్చి అనే ముగ్గురు దీన్ని ప్రకటించారు. వాళ్ల అవసరం మీ అవసరం లాంటిదే. కంప్యూటర్ చిప్పులో ఏ సర్క్యూటు ఎక్కడ పెట్టాలి, తీగలు తక్కువ పొడవుతో ఎలా కలపాలి అన్నది సమస్య. కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చి బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తాడు చూడండి, లోపలి బిగువులన్నీ సర్దుకుంటాయి. ఆ పోలికనే లెక్కలోకి తెచ్చారు. మొదట్లో, వేడిగా ఉన్నప్పుడు, నష్టమొచ్చే మార్పులకు కూడా తరచుగా ఒప్పుకుంటారు. కాలం గడిచేకొద్దీ ఆ ఒప్పుకోలు తగ్గిస్తూ వస్తారు. చివరికి లాభమున్న చిన్న మార్పులే మిగులుతాయి. మీ ఇంట్లో తలకిందులుగా జరిగింది. మొదటి రోజు నుంచే ఒక్క మార్కు తగ్గినా ఒప్పుకోలేదు, పద్నాలుగో నెలలో మాత్రం మరిదిగారు కాల్ చేస్తే ప్లాను మొత్తం తిరగేస్తున్నారు.

మార్కుల గురించి ఒక మాట. 72కూ 71కీ తేడా లేదు. మీ స్కూల్లో ఒకే పేపరు ఇద్దరు టీచర్లు దిద్దితే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పార్కింగుకు ఇచ్చిన 15 మార్కులను 12 చేసి, ఆ మూడూ వంటింటికి కలిపి చూడండి. వరస మారిపోతే ఆ మూడు ప్లాన్లూ సమానమని అర్థం. వాటి మధ్య ఎంచుకోలేక పడుతున్న బాధ నిజమే గానీ, అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు.

పది అంశాలకూ సమానంగా సమయం ఇవ్వడం కూడా మిమ్మల్ని అలసగొట్టింది. పిల్లర్లు లేచాక మెట్లు జరగవు. సంపు, డ్రైనేజీ, పునాది జరగవు. మన వైపు చాలాచోట్ల రేగడి నేల, వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది. పునాది దగ్గర మనసు మార్చుకోవడానికి అసలు వీలుండదు. అదే పిల్లర్ల మీద నిలిచే ఇంట్లో లోపలి గోడ ఒకటి రెండేళ్ల తర్వాత కూడా తీయించవచ్చు. అల్మారాలు, రంగులు, పూజ గది తలుపు చివర్లో చూసుకోవచ్చు. మీరు పూజ గది తలుపు మీద మూడు వారాలు గడిపారు. మెట్ల మీద ఒక్క సాయంత్రం గడిపారు. బరువైనవాటిని ముందు తేల్చండి. 1960లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఇద్దరు మహిళలు, ఐల్సా ల్యాండ్, అలిసన్ డోయిగ్, ఇలాంటి చిక్కులకు ఒక పద్ధతి ప్రచురించారు. నిర్ణయాలను చెట్టు కొమ్మల్లా విడదీస్తారు. ఒక కొమ్మలో ఎంత బాగా కుదిరినా చేతిలో ఉన్నదానికంటే మంచిది రాదని రుజువైతే, ఆ కొమ్మ మొత్తం నరికేస్తారు. మీ లెక్కలో మెట్లు ఆగ్నేయంలో ఉంటే వంటింటికి వెలుతురు రాదని తేలితే చాలు. 19,683 ప్లాన్లు గీయకుండానే పోతాయి.

ఒక్క ప్లానునే పట్టుకుని కూర్చోవద్దు, ముప్పై ప్లాన్లూ మోయవద్దు. మూడు ఉంచుకోండి. ఇది మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారి బృందం నుంచి వచ్చిన ఒడుపు. కంప్యూటర్ సైన్సులో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1976 నాటికి ఆయన బృందం వెయ్యికి పైగా మాటల్ని గుర్తుపట్టే హార్పీ అనే వ్యవస్థను తయారు చేసింది. మనిషి మాట వింటున్నప్పుడు అది ఇదై ఉండొచ్చు, అదై ఉండొచ్చు అనే ఊహలు క్షణక్షణానికీ పెరిగిపోతాయి. అన్నీ మోస్తే యంత్రం ఆగిపోతుంది, ఒక్కటే ఉంచుకుంటే మొదటి తప్పే చివరిదాకా వెంటపడుతుంది. అందుకని ప్రతి అడుగులో బాగున్న కొన్నిటినే ఉంచి మిగతావి వదిలేశారు. మీ మూడింటిలో మెట్లు మాత్రం మూడు వేర్వేరు చోట్ల ఉండాలి. అక్కచెల్లెళ్లలా ఒకే పోలికతో ఉన్న మూడు ప్లాన్లు ఉంచుకుంటే ఒక్కటి ఉంచుకున్నట్టే.

ఇక ఇంట్లో వాదన. ‘ఏడో ప్లానే నయం కదా’ అని నాలుగుసార్లు మొదటికి వచ్చామని రాశారు. ఫ్రెడ్ గ్లోవర్ అనే పరిశోధకుడు 1986లో టాబూ సెర్చ్, అంటే నిషేధం పెట్టుకుని వెతకడం, అని ఒకటి చెప్పారు. ఇటీవల చూసి దాటొచ్చినవాటి చిట్టా రాసుకుని, కొంతకాలం మళ్లీ వాటి జోలికి వెళ్లకుండా ఉండటం. మినహాయింపు ఒక్కటే, ఇప్పటిదాకా చూసినవాటన్నిటికంటే మంచిది దానివల్ల వస్తుందని తేలితే తిరిగి తీసుకోవచ్చు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. ఏది ఎందుకు వద్దనుకున్నామో, ఎవరు వద్దన్నారో, తేదీతో రాయండి. ‘మెట్లు అక్కడేమిటి?’ అని మీవారు అడిగినప్పుడు మీరు గొంతు పెంచనక్కర్లేదు. కాగితం చూపిస్తే చాలు.

మీవారి ‘నువ్వు ఏదంటే అదే’ మీద నాకు కోపం లేదు. కానీ దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. తనకు ఏం కావాలో ఆయనకే ఇంకా తెలియదని దాని అర్థం అయ్యుండొచ్చు. ప్లాను చేతిలో పెట్టి అడిగితే మనిషి తప్పులే వెతుకుతాడు. ప్లాను చూపించకుండా అడగండి. ‘ఏ మూడు లేకపోతే ఈ ఇంట్లో ఉండటం మీకు కష్టం?’ అని ఆయన్ని విడిగా, అత్తగారిని విడిగా, పిల్లల్ని విడిగా అడిగి రాసుకోండి. అత్తగారి వాస్తు పట్టింపుల్లో ఏవి తప్పనిసరో, ఏవి కుదిరితే మంచిదో ఆవిడే చెప్పాలి. మీరు ఊహించి అన్నిటికీ ఒకే బరువు వేశారు. హెర్బర్ట్ సైమన్ అనే ఆయన, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, మనుషులు నిజంగా నిర్ణయాలు ఎలా తీసుకుంటారో జీవితమంతా పరిశీలించారు. అన్నీ తూచి గొప్పదాన్ని పట్టుకునేంత సమయం, సమాచారం ఎవరికీ ఉండవనీ, ముందుగా ‘ఇంతుంటే చాలు’ అనే గీత గీసుకుని, దాన్ని దాటిన మొదటిదాన్ని తీసుకుంటామనీ చెప్పారు. 1956లో దానికి ఆయన ఒక మాట కూడా పుట్టించారు, తృప్తి పడటం, సరిపోవడం అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి. మీ ఇంట్లో వెతకడమే జరిగింది, గీత మాత్రం గీయలేదు. ఎక్కడ ఆగాలో అందుకే తెలియడం లేదు.

మరిదిగారి విషయం మీరు రెండు వాక్యాల్లో రాశారు గానీ బరువుగా ఉంది. నాలుగు లక్షలు తీసుకుంటే ఆయనకూ ఒక షరతు పెట్టే హక్కు ఇవ్వండి. ఒక్కటే, అదీ గీత గీసేటప్పుడే. తర్వాత వచ్చే సలహాలకు మీవారు జవాబు చెప్పాలి, మీరు కాదు. అది కుదరదనిపిస్తే ఆ డబ్బు వద్దనుకోవచ్చు. అప్పుడు పై అంతస్తు పనిలో కొంత ఆగుతుంది, అన్నదమ్ముల మధ్య కొంత చిన్నబుచ్చుకోవడమూ ఉంటుంది. రెండూ భరించగలిగినవే, ఏది తక్కువ బాధో మీ ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. 72 వచ్చిన ప్లానుతో వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు. లోను గడువు, అద్దె, నిద్ర అన్నీ దక్కుతాయి. వంటిల్లు మాత్రం సందులోకే ఉంటుంది. తెనాలి జ్ఞాపకం ఉన్న మనిషి దానితో ముప్పై ఏళ్లు రాజీ పడగలదా అన్నది మీరు నిజాయితీగా ఆలోచించాలి. రెండో దారి, ఆరు వారాలు గడువు పెట్టుకుని వెతకడం. మొదటి రెండు వారాలు మెట్లు, వంటిల్లు, బాత్‌రూములు మాత్రమే, మార్కులు పడిపోయినా పెద్ద మార్పులు చేయండి. తర్వాత రెండు వారాలు మిగిలిన మూడు ప్లాన్ల మీద ఇంజనీరుతో కూర్చోండి. చివరి రెండు వారాలు చిన్న సర్దుబాట్లే, ఆపైన కాగితం ముట్టుకోకూడదు. ఇందులో ప్రమాదం ఏమిటంటే ఏడో వారంలో ‘ఇంకొక్కటి చూద్దాం’ అనిపిస్తుంది. అలా అనిపిస్తే 72 ప్లానుకే కట్టుబడతామని ఇప్పుడే అందరూ అనుకోవాలి.

మూడోది, పైకి లేపే బలంతో పునాది, పిల్లర్లు వేయించి, ఇప్పుడు కింది అంతస్తు వరకే కట్టడం. పైన ఒక వాటానా రెండు వాటాలా అన్న ప్రశ్నే వాయిదా పడుతుంది, అప్పు భారం కొంత తగ్గుతుంది. కానీ అద్దె రాబడి ఆలస్యం అవుతుంది, తర్వాత పైన కట్టేటప్పుడు కింద దుమ్ములో బతకాలి, సిమెంటు, ఇనుము, కూలి అప్పటి ధరకు కొనాలి. మెట్లు ఎక్కడన్నది మాత్రం ఇందులోనూ ఇప్పుడే తేల్చక తప్పదు. వేరే ఆర్కిటెక్టుకు మొత్తం అప్పగించడం కూడా ఉంది. ఫీజు పోతుంది గానీ మొదటి ఇంజనీరు గీత కళ్లలో లేని మనిషి చూస్తాడు. అలా ఇస్తే మీ 23 ప్లాన్లూ చూపించకండి. ఇంట్లో అందరూ చెప్పిన షరతుల కాగితం ఒక్కటే ఇవ్వండి.

నాకు రెండోది మీకు సరిపోతుందనిపిస్తోంది, ఎందుకంటే వెలుతురు గురించి రాసేటప్పుడు మీ అక్షరాలే మారిపోయాయి. పాఠశాల పని, ఇంటి పని మధ్య ఆరు వారాలు కూడా భారమైతే మూడోది తక్కువేమీ కాదు.

ఏ దారైనా సరే, ఈ ఆదివారం ఒక పని చేయండి. తాపీమేస్త్రిని పిలిచి, ఒక బస్తా సున్నం పొడి తీసుకుని పొద్దున్నే స్థలానికి వెళ్లండి. 72 ప్లాను, మెట్లు మార్చిన ప్లాను, ఒకటి తర్వాత ఒకటి నేల మీద అసలు కొలతలతో ముగ్గు పోయించండి. కాగితం మీద పది అడుగులు ఎంతో ఎవరికీ తెలియదు, నేల మీద నిలబడితే పిల్లలకు కూడా తెలుస్తుంది. అత్తగారికి కుర్చీ వేసి ఆవిడ గది గీతల మధ్య కూర్చోబెట్టండి, అక్కడి నుంచి బాత్‌రూము దాకా నడిపించి చూడండి. మీవారిని కారు లోపలికి తెచ్చి ఆపమనండి. తెనాలి నుంచి మీ అమ్మగారిని కూడా రప్పించండి. ఎండ ఎటు నుంచి వస్తోందో ఆవిడకు మీరేమీ చెప్పకండి. రెండు వంటిళ్ల గీతల్లోనూ కాసేపు నిలబెట్టి, గట్టు ఏ పక్కన వేయించమంటావమ్మా అని అడగండి.